భూమి కథలో మనం దాటేసే 400 కోట్ల ఏళ్లు

భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. పెంకులు, కాళ్లు, కళ్లు ఉన్న జంతువుల శిలాజాలు రాళ్లలో విరివిగా కనబడటం మొదలయ్యేది 54 కోట్ల ఏళ్ల కిందట, కేంబ్రియన్ కాలంలో. దానికి ముందున్నదంతా కలిపి ప్రీకేంబ్రియన్. అంటే 400 కోట్ల ఏళ్లు, మొత్తం చరిత్రలో 88 శాతం. ఇంత కాలానికి మామూలు పుస్తకాలు ఇచ్చే చోటెంత? మొదట ఎర్రగా మండే భూమి, అది చల్లారడం, వానలు, సముద్రం, ఒక బ్యాక్టీరియా బొమ్మ. పేజీ తిప్పితే ట్రైలోబైట్లనే పెంకు సముద్ర జంతువులు. అక్కడి నుంచి చేపలు, డైనోసార్లు, మనుషులు వరసగా వచ్చేస్తారు.

గొడవ పేజీల పంపకం గురించే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. మనం పీల్చే గాలి, సముద్రాల్లో నీళ్లు నిలిచి ఉండటం, ఖండాలు, చివరికి మన ఒంట్లోని కణం నిర్మాణం కూడా తేలింది ఆ 88 శాతంలోనే. ఈ గ్రహం ఎందుకు ఇలా ఉంది అని ఎవరైనా నిజంగా తెలుసుకోవాలనుకుంటే, వెతకాల్సింది మనం దాటేస్తున్న చోటే. జంతువుల కథను భూమి కథగా చెప్పుకుంటూ పోవడం వల్ల పిల్లలకూ పెద్దలకూ కూడా కారణాలు తెలియకుండా ఫలితాలు మాత్రమే తెలుస్తున్నాయి. ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం.

భూమి చరిత్రను 24 గంటల గడియారంలో ఇమిడ్చి చెప్పడం అందరూ విన్నదే. ఆ లెక్కన కేంబ్రియన్ రాత్రి 9 దాటాక మొదలవుతుంది, మనుషులు ఆఖరి కొన్ని సెకన్లలో వస్తారు. మనమెంత కొత్తవాళ్లమో చెప్పడానికి అది పనికొస్తుందేమో గానీ, నాకు మాత్రం అస్సలు నచ్చదు. విన్నవాళ్ల మనసులో మిగిలేవి రాత్రి 9 తర్వాతి సంగతులే. తెల్లవారుజామున ఏమైంది, మధ్యాహ్నం ఏమైంది అని అడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

అడిగితే చెప్పడానికి ఆధారాలు ఎక్కడున్నాయి, అంతా ఊహే కదా అనేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ముందుగా ఒక రేణువును చూపించాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలో జాక్ హిల్స్ అనే గుట్టలున్నాయి. గులకరాళ్లు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడిన రాయి అది, వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. దాన్ని పొడి చేసి, బరువైన గింజలను వేరుచేసి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటే ఏరితే జిర్కాన్ అనే ఖనిజపు రేణువులు దొరుకుతాయి. వాటిలో ఒకటి పొడవు అర మిల్లీమీటరు కూడా లేదు. దాని వయసు 440 కోట్ల ఏళ్లు. భూమి మీదే పుట్టినవాటిలో, మనకు దొరికినంతలో, దాన్ని మించిన పాతది లేదు. అది మొదట పుట్టిన రాయి ఎప్పుడో అరిగి మట్టిలో కలిసిపోయింది. రేణువు మాత్రం కొట్టుకుపోయి, ఇసుకలో చేరి, మళ్లీ కొత్త రాయిలో భాగమై మన దాకా వచ్చింది.

ఆ వయసు ఎలా తెలిసిందో చూస్తే ఊహ అనే మాట ఇంకెవరూ అనరు. జిర్కాన్ స్ఫటికం కట్టేటప్పుడు యురేనియంను లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఇప్పుడు దాని లోపల దొరికే సీసం దాదాపు అంతా యురేనియం క్షీణించి తయారైనదే. యురేనియంలో రెండు రకాలున్నాయి. 238 రకం సగానికి తగ్గడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది, 235 రకానికి 70 కోట్ల ఏళ్లు చాలు. అంటే ఒకే రేణువులో రెండు వేర్వేరు వేగాల గణన నడుస్తోంది. రెండూ ఒకే వయసు చెబితే మధ్యలో ఏదీ కారిపోలేదని నమ్మకం కుదురుతుంది. అప్పటికీ, సీసం పరమాణువులు లోపల అటూ ఇటూ కదిలి లెక్క తప్పించాయేమో అన్న అనుమానం మిగిలింది. 2014లో జాన్ వాలీ బృందం ఆ రేణువులోని పరమాణువులను ఒక్కొక్కటిగా గుర్తించి, ఆ కదలిక వయసును మార్చేంత లేదని తేల్చింది.

అసలు విశేషం వయసు కూడా కాదు. 2001లో రెండు బృందాలు ఈ పాత జిర్కాన్లలోని ఆక్సిజన్ ఐసోటోపులను, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణు రకాలను, కొలిచాయి. బరువైన ఆక్సిజన్ పాలు మామూలు కంటే ఎక్కువ ఉంది. చల్లని నీటితో కలిసి మార్పు చెందిన రాయి మళ్లీ లోపలికి పోయి కరిగితే తప్ప అలా రాదు. అంటే భూమి పుట్టిన 15 నుంచి 25 కోట్ల ఏళ్లలోపే ఇక్కడ ద్రవరూపంలో నీళ్లున్నాయన్నమాట! ఆ తొలి అంకానికి హేడియన్ అని పాతాళం పేరు పెట్టుకున్నాం, లావా సముద్రాల బొమ్మలు గీసుకున్నాం. కంటికి సరిగ్గా ఆనని ఒక రేణువు ఆ బొమ్మను మార్చేసింది.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. నక్షత్రాల లెక్క ప్రకారం అప్పటి సూర్యుడు ఇప్పటికంటే దాదాపు 30 శాతం మసకగా ఉండేవాడు. అంత తక్కువ వేడిలో ఇప్పటి గాలే ఉండి ఉంటే సముద్రాలు గడ్డకట్టాలి. 1972లో కార్ల్ సాగన్, జార్జ్ ముల్లెన్ ఈ ప్రశ్నను గట్టిగా లేవనెత్తారు. జవాబులో పెద్ద భాగం గాలిలో వేడిని పట్టి ఉంచే వాయువులదే, ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్, మీథేన్‌లది. దానికి తోడు రాళ్లు చేసే ఒక పని ఉంది. వేడి పెరిగితే వానలు పెరిగి, రాళ్లు వేగంగా శిథిలమై గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటాయి. చలి పెరిగితే ఆ పని మందగిస్తుంది, అగ్నిపర్వతాలు వదిలే వాయువు గాలిలో పోగవుతుంది. ఇవాళ వాతావరణ మార్పు గురించి మాట్లాడేవాళ్లు కార్బన్ చక్రం అనే మాట ఎన్నిసార్లు వాడతారో! ఆ చక్రం ఎలాంటి పరీక్షలకు నిలబడిందో తెలిసేది మాత్రం ఈ పాతకాలం చదివితేనే.

అయితే మనం ఎందుకు చదవలేదు? శిలాజాలు కనబడలేదు కాబట్టి. కంటికి కనబడేదే చరిత్ర అనుకోవడం ఒక పాత అలవాటు. 1859లో డార్విన్ తన సిద్ధాంతానికున్న పెద్ద ఇబ్బందుల్లో దీన్నొకటిగా ఒప్పుకున్నారు. జీవజాలం నెమ్మదిగా మారుతూ వస్తే, సంక్లిష్టమైన జంతువులున్న ఆ తొలి పొరల కింద ఇంకా ఎంతో పాత జీవుల గుర్తులు ఉండాలి కదా, ఎందుకు లేవు అన్న ప్రశ్నకు తన దగ్గర సరైన జవాబు లేదని నిజాయితీగా రాశారు. అయినా అంతకు ముందు సముద్రాల్లో జీవులు ఉండే ఉంటాయని ఆయన నమ్మారు. ఆ నమ్మకం నిజమని తేలడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

ఆలస్యానికి కారణం రాళ్లలో లేకపోవడం కాదని చెప్పే ఉదంతం ఒకటుంది. 1956లో ఇంగ్లండ్‌లోని చార్న్‌వుడ్ అడవిలో టీనా నెగస్ అనే 15 ఏళ్ల అమ్మాయి ఒక రాతి మీద ఫెర్న్ ఆకులాంటి అచ్చు చూసింది. స్కూల్లో టీచరుకు చెబితే, అవి ప్రీకేంబ్రియన్ రాళ్లు, వాటిలో శిలాజాలు ఉండవు అన్న జవాబు వచ్చింది. తను చూసిందేమిటో ఆ అమ్మాయికి తెలుసు, కానీ వినేవాళ్లు లేరు. మరుసటి ఏడాది రోజర్ మేసన్ అనే కుర్రాడు స్నేహితులతో అక్కడే బండలెక్కుతూ అదే అచ్చు చూశాడు. అతని మాట విశ్వవిద్యాలయం దాకా వెళ్లింది. 1958లో భూగర్భ శాస్త్రవేత్త ట్రెవర్ ఫోర్డ్ దాన్ని శాస్త్రీయంగా వర్ణించి, మేసన్ పేరు కలిపి చార్నియా మేసోనై అన్నారు. దాని వయసు సుమారు 56 కోట్ల ఏళ్లు. నెగస్ చూడటానికి పదేళ్ల ముందే, 1946లో, దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎడియాకరా గుట్టల్లో రెగ్ స్ప్రిగ్‌కు జెల్లీచేపల్లాంటి అచ్చులు దొరికాయి. ఆయన కూడా అవి కేంబ్రియన్ తొలినాటివేమో అనే అనుకున్నారు. ఆ రాళ్లలో ఏమీ ఉండదు అన్న నమ్మకం అంత బలంగా ఉండేది. చివరికి 2004లో, కేంబ్రియన్ కంటే ముందున్న ఎడియాకరన్ అనే కాలానికి భూమి కాలపట్టికలో అధికారికంగా చోటు దక్కింది.

టీనా నెగస్‌కు ఎదురైన జవాబు తలుచుకున్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఆ కాలాన్ని ఖాళీ అని నేర్పిస్తే, ఖాళీగానే కనబడుతుంది.

ఇక ఆక్సిజన్ సంగతికి వద్దాం. ఈ కథలో నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకునేది ఇదే. పట్టీల ఇనుపరాయి ముక్క ఒకటి చేతికి దొరికితే తప్పకుండా పట్టుకుని చూడండి. పరిమాణం చూసి అనుకున్నదానికంటే బరువుంటుంది. నునుపు చేసిన ముఖం మీద ఒక పట్టీ ముదురు ఎరుపు, దాని మీద ఉక్కు రంగు, మళ్లీ ఎరుపు, కొన్ని పట్టీలు కాగితమంత సన్నం. అయస్కాంతం పెడితే కొన్ని పట్టీలు లాగుతాయి, కొన్ని లాగవు. నేను మొదటిసారి పట్టుకున్నప్పుడు చాలాసేపు కింద పెట్టలేకపోయాను. ఇది సముద్రం అడుగున పేరుకున్న తుప్పు. ఆర్కియన్ కాలపు (400 నుంచి 250 కోట్ల ఏళ్ల కిందటి) సముద్రంలో ఆక్సిజన్ లేదు, అందుకే ఇనుము నీళ్లలో కరిగి ఉండేది. ఆక్సిజన్ తగిలిన ఇనుము ఇక కరిగి ఉండలేదు, కిందికి దిగిపోతుంది. కొన్నిచోట్ల వెలుతురుతో నేరుగా ఇనుముమీదే పనిచేసే బ్యాక్టీరియా కూడా ఈ పని చేసి ఉండవచ్చు. ఎలా దిగినా, ఇవాళ ప్రపంచం తవ్వుకుంటున్న ఇనుప ఖనిజంలో చాలా భాగం ఈ పొరల నుంచే వస్తోంది. ఆస్ట్రేలియాలోని హ్యామర్స్లీ, బ్రెజిల్‌లోని కరజాస్ గనులు అలాంటివే. వంతెనలు, రైలు పట్టాలు, కార్లు అన్నీ ఆ సముద్రపు ఇనుమే.

ఆక్సిజన్‌ను తయారుచేసింది సయనోబ్యాక్టీరియా. కిరణజన్య సంయోగక్రియకు నీటినే ముడిసరుకుగా వాడుకోవడం వాటి ఘనత. నీరు విడిపోతే ఆక్సిజన్ బయటికి వస్తుంది. ఒక్కో కణం వదిలేది లెక్కలోకి రానంత తక్కువ. మొదట్లో ఆ కాస్తా ఇనుమూ, అగ్నిపర్వతాల వాయువులూ మింగేసేవి. 240 కోట్ల ఏళ్ల కిందటి ప్రాంతంలో మింగేవాటి కంటే వదిలేవి మించిపోయాయి, గాలిలో ఆక్సిజన్ నిలవడం మొదలైంది.

ఇదీ ఊహేనా అంటే, మళ్లీ రాళ్లనే అడగాలి. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో సుమారు 280 నుంచి 300 కోట్ల ఏళ్ల నాటి ఏటి గులకరాళ్లు ఉన్నాయి. వాటి మధ్య ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజపు నునుపుగా దొర్లిన గుండ్లు, యురేనియం ఖనిజపు గింజలు కనిపిస్తాయి. ఇప్పటి గాలిలో పైరైట్ అంత దూరం దొర్లకముందే తుప్పుపట్టి చెదిరిపోతుంది. అది నునుపుదేలేదాకా నిలిచిందంటే ఆ ఏటి మీద వీచిన గాలిలో ఆక్సిజన్ లేదన్నట్టే. 2000లో జేమ్స్ ఫార్కర్, సహచరులు ఇంకా పదునైన ఆధారం బయటపెట్టారు. పాత రాళ్లలోని గంధకం ఐసోటోపుల నిష్పత్తిలో ఒక విచిత్రమైన గుర్తుంది. ఆక్సిజన్, ఓజోన్ లేని గాలిలోకి అతినీలలోహిత కిరణాలు లోతుగా దిగితేనే ఆ గుర్తు ఏర్పడి రాళ్లలోకి చేరుతుంది. దాదాపు 240 కోట్ల ఏళ్ల కంటే పాత రాళ్లలో అది ఉంటుంది, తర్వాతివాటిలో మాయమవుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సాక్ష్యం మాత్రం ఆఫ్రికాలోని గాబన్ దేశంలో ఉన్న ఓక్లో యురేనియం గనిది. 1972లో ఫ్రాన్స్‌లోని ఒక అణు ఇంధన కర్మాగారంలో, ఓక్లో నుంచి వచ్చిన యురేనియంను కొలుస్తుంటే 235 రకం 0.720 శాతానికి బదులు 0.717 శాతం వచ్చింది. తేడా పిసరంతే. కానీ ఆ నిష్పత్తి ఎక్కడి యురేనియంలోనైనా ఒకేలా ఉండాలి కాబట్టి టెన్షన్ మొదలైంది, ఎవరైనా దొంగిలించారా అన్న అనుమానం దాకా పోయింది. తీరా తేలిందేమిటంటే, దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందట ఆ గనిలోని యురేనియం తనంతట తానే అణు రియాక్టర్‌గా పనిచేసి కొంత ఖర్చయిపోయింది! ఆ రోజుల్లో 235 రకం 3 శాతానికి పైగా ఉండేది, ఇప్పటి విద్యుత్ రియాక్టర్ల ఇంధనంలో ఉన్నంత. భూగర్భ జలం న్యూట్రాన్ల వేగం తగ్గించి చర్యను నడిపించింది. వేడికి నీళ్లు ఆవిరైతే చర్య ఆగిపోయేది, చల్లబడి నీళ్లు చేరితే మళ్లీ మొదలయ్యేది. సుమారు అరగంట నడక, రెండున్నర గంటల విరామం అని తర్వాతి పరిశోధనలో లెక్క తేలింది. ఇలా లక్షల ఏళ్లు సాగింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఇంకా వెనక్కి వెళితే 235 రకం పాలు ఇంకా ఎక్కువ, మరి అప్పుడెందుకు ఇలాంటివి కనబడవు? యురేనియం నీళ్లలో బాగా కరగాలంటే ఆక్సిజన్ కావాలి. కరిగి కొట్టుకొచ్చి ఒకచోట దట్టంగా పేరుకుంటేనే రియాక్టర్ వెలుగుతుంది. గాలిని మార్చింది సూక్ష్మజీవులు, ఆ గాలి వల్లే రాతిలో రియాక్టర్ నడిచింది. జీవం భూమి మీద కేవలం నివాసం ఉంటుంది అని ఎవరైనా అంటే ఓక్లోను చూపిస్తే చాలు.

తర్వాతి వంద కోట్ల ఏళ్లు, అంటే 180 నుంచి 80 కోట్ల ఏళ్ల కిందటి దాకా ఉన్న కాలానికి శాస్త్రవేత్తలు బోరింగ్ బిలియన్ అని పేరు తగిలించారు. కార్బన్ ఐసోటోపుల గ్రాఫు దాదాపు చదునుగా ఉంటుంది, పెద్ద మంచుయుగాల గుర్తుల్లేవు. గ్రాఫు చదునుగా ఉందని ఏమీ జరగలేదనుకుంటే ఎలా? కేంద్రకం ఉన్న కణాల స్పష్టమైన శిలాజాలు ఈ కాలం నుంచే వస్తాయి. ఒక కణంలోకి చేరిన బ్యాక్టీరియా అక్కడే ఉండిపోయి మైటోకాండ్రియా అయింది. 1967లో లిన్ మార్గులిస్ ఈ వాదన ముందుకు తెస్తే చాలామంది కొట్టిపారేశారు. తర్వాత మైటోకాండ్రియా జన్యువులే దాన్ని రుజువు చేశాయి. మీరు ఈ వాక్యం చదవడానికి మెదడు ఖర్చు పెడుతున్న శక్తి వాటి దగ్గర నుంచే వస్తోంది. కెనడా ఉత్తరాన సోమర్‌సెట్ దీవిలో దొరికిన బాంగియోమోర్ఫా అనే ఎర్ర నాచు వయసు సుమారు 105 కోట్ల ఏళ్లు. దాని కణాలు విడిపోయే తీరు, వేర్వేరు రకాల బీజకణాలు చూసి, లైంగిక పునరుత్పత్తికి మనకు తెలిసిన అతి పాత ఆధారం ఇదేనంటారు. కణంలో కేంద్రకం, ఊపిరికి మైటోకాండ్రియా, తల్లీతండ్రీ కలిసి సంతానాన్ని ఇవ్వడం, ఒకే శరీరంలో కణాలు పని పంచుకోవడం. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ట్రైలోబైటూ లేదు, డైనోసారూ లేదు. దీన్ని బోరు అనడం నాకు మింగుడుపడదు.

ఆ తర్వాత వచ్చిన మహా హిమయుగాల గురించి ఈమధ్య బాగానే రాస్తున్నారు కాబట్టి ఎక్కువ చెప్పను. మొదటిది 71.7 కోట్ల ఏళ్ల కిందట మొదలై అయిదు కోట్ల ఏళ్లకు పైగా సాగింది, రెండోది 63.5 కోట్ల ఏళ్ల కిందట ముగిసింది. భూమధ్యరేఖ దాకా మంచు కమ్మిందన్న ఈ వాదానికి నమీబియాలో మంచు మోసుకొచ్చిన రాళ్ల మీద నేరుగా కూర్చున్న, వెచ్చని సముద్రంలో పేరుకునే సున్నపురాయి పొరలు గట్టి సాక్ష్యం.

నా వాదనకు ఎదురు వాదన ఒకటి ఉంది, దాన్ని దాటేయకూడదు. ఈ కాలపు సాక్ష్యాల్లో చాలావాటి మీద తగాదాలున్నాయి, పిల్లలకు తేలని విషయాలు ఎలా నేర్పుతాం అంటారు. నిజమే. 2016లో గ్రీన్‌లాండ్‌లోని ఇసువా దగ్గర 370 కోట్ల ఏళ్ల నాటి స్ట్రోమటోలైట్లు, అంటే సూక్ష్మజీవుల చాపలు పొరలు పొరలుగా కట్టిన గుబ్బలు, దొరికాయని అలెన్ నట్‌మన్ బృందం ప్రకటించింది. 2018లో అబిగైల్ ఆల్‌వుడ్ బృందం అదే రాతిని మరో వైపు నుంచి చూసి, అవి గుబ్బలు కావు, ఒత్తిడికి రాయి మడతపడగా ఏర్పడిన గట్లు అంది. ఈ తగాదానే తరగతి గదిలో పెట్టండి అంటాను నేను. ఒక ఆకారాన్ని జీవి కట్టిందా, రాయి తానే మలిచిందా అని ఎలా తేల్చుకుంటారు? పొరల మందం ఎక్కడ మారుతోంది, అన్ని దిక్కుల నుంచీ ఒకేలా ఉందా, లోపలి రసాయనం ఏం చెబుతోంది? ఒక డైనోసార్ ఎముకను చూపించి పేరు చెప్పడంలో ఇంత సైన్సు లేదు.

పైగా ఈ ప్రశ్న ఇప్పుడు భూమి దాటి పోయింది. ఏ దూరపు గ్రహం నుంచో ఎవరైనా మన గ్రహాన్ని ఏదో ఒక సమయంలో చూశారనుకోండి. దాదాపు సగం కాలం వాళ్లకు ఆక్సిజన్ లేని గాలే కనబడేది. తర్వాత కూడా చాలాకాలం ఆక్సిజన్ ఇప్పటి స్థాయిలో చిన్న వంతే. ఆక్సిజన్ లేదు కాబట్టి జీవం లేదు అని వాళ్లు తేల్చేసి ఉంటే, పశ్చిమ ఆస్ట్రేలియాలో 348 కోట్ల ఏళ్ల కిందట స్ట్రోమటోలైట్లు కడుతున్న జీవులను లెక్కలోంచి తీసేసినట్టే. టెలిస్కోపులతో ఇతర గ్రహాల గాలిని పరీక్షిస్తున్న మనమూ అదే పొరపాటు చేయగలం. జీవం ఉన్నా ఆక్సిజన్ లేని గ్రహం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మనకున్న నమూనా ఒక్కటే, ఆర్కియన్ భూమి.

అంగారకుడి మీద జెజెరో బిలంలో నాసా రోవర్ పెర్సివరెన్స్ పరీక్షించిన రాళ్లు 350 కోట్ల ఏళ్లకు పైబడినవి, అంటే ఆర్కియన్ నాటివే. అక్కడ ఎవరూ ఎముకల కోసం వెతకడం లేదు. ఆ రోవర్ చేతికి అమర్చిన పిక్సిల్ అనే పరికరం రాతి ముఖం మీది మూలకాలను ఇసుక రేణువంత చోట్లలో కొలుస్తుంది. దాని రూపకల్పనకు నాయకత్వం వహించింది అబిగైల్ ఆల్‌వుడే. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతపు 343 కోట్ల ఏళ్ల నాటి స్ట్రోమటోలైట్లను వరసగా పరిశీలించి, ఇవి జీవులు కట్టినవే అని 2006లో చూపించిన మనిషి ఆమె. ఇసువా రాళ్లను చూసి ఇవి కావు అన్నదీ ఆమే. 2019లో నాసా, యూరప్ అంతరిక్ష సంస్థల అంగారక బృందాలు కలిసి పిల్బరాకు వెళ్లాయి, జీవం రాతిలో వదిలే గుర్తులు ఎలా ఉంటాయో ముందు భూమి మీద చూసుకోవడానికి.